గెలిచిన రాత్రి



సంక్రాంతి దినములలో మన పల్లెలయందు రావిచెట్టు క్రిందనో, కొబ్బరితోట నీడనో దుప్పటి పరచుకొని పేకాడువారిని నీవు చూచియుందువు. ఆ ఆటలో నలుగురి ముఖములు నలుగురికి కనబడును. ఓడినవాడు ఎవరి కుమారుడో, వాని యింట పొయ్యి రాజినదో లేదో గెలిచినవానికి తెలియును. నేను చెప్పబోవు ఆట అట్టిది కాదు. దానికి దుప్పటి లేదు, చెట్టు లేదు, ముఖములు లేవు. బల్లయు, ముక్కలును, ధనమును సమస్తము అరచేతిలోని సెల్‌ఫోనులోనే యుండును. తలుపు వేసికొని, దీపమార్పి, కంబళి ముసుగులో సైతము దానిని ఆడవచ్చును. ప్రక్క మంచముమీద పరున్నవానికి కూడ తెలియదు.

నేను బోధకుడను కాను, పండితుడను కాను. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. ఆ ఆటలో నేను ఓడిన దినములు అనేకములు గలవు. అయితే నేను గెలిచిన ఒక రాత్రిని గూర్చియే నీకు చెప్పవలెనని కూర్చుంటిని. ఏలయనగా ఓడిన రాత్రులకంటె ఆ గెలిచిన రాత్రియే నాకు ఎక్కువ కీడు చేసెను.

మా ఊరు అమలాపురమునకు తూర్పుగా, సముద్రమునకు అంత దూరము కాని యొక పల్లె. అది అప్పుడు తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. మా నాన్నకు సొంత భూమి లేదు. ఎకరమున్నర కౌలుకు చేయుచుండెను. నేను డిగ్రీ చదివి, బెంగుళూరులో ఒక చిన్న కంపెనీయందు లెక్కల గుమాస్తాగా చేరితిని. నెలకు ఇరువదినాలుగు వేలు జీతము. మన తెలుగువారు విస్తారముగా నివసించు మారతహళ్ళిలో మరి యిద్దరు యువకులతో కలిసి ఒక గదిలో ఉంటిని. ఆ యిద్దరిలో ఒకడు 2018 మే నెలలో పోకర్ అను ఆటను నాకు చూపించెను.

ఈ ఆట ఎట్టిదో నీకు చెప్పకుండ నా కథ బోధపడదు. పోకర్ అమెరికా దేశములో పెరిగిన పేకాట. దానిలో మేము ఆడిన రకమునకు టెక్సాస్ హోల్డెమ్ అని పేరు. ఆడువారిలో ప్రతివానికి రెండు ముక్కలు మూసి ఇత్తురు. పిమ్మట బల్ల నడుమ మొదట మూడు, తరువాత ఒకటి, తరువాత మరియొకటి, ఇట్లు ఐదు ముక్కలు అందరికి కనబడునట్లు తెరచి వేయుదురు. తన రెండు, బల్లమీది ఐదు, ఈ ఏడింటిలో మేలైన ఐదింటిని కూర్చుకొనినవాడు గెలుచును. ముక్కలు తెరచిన ప్రతిసారి పందెము కాయవచ్చును, పెంచవచ్చును, లేక ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. చేతిలో ఏమియు లేకున్నను, ఉన్నవానివలె నటించి పందెము పెంచి, ఎదుటివానిని బెదరించి గెలువవచ్చును. ఆ విద్యలో నేర్పరియైనవానినే గొప్ప ఆటగాడందురు.

ఇక టోర్నమెంటనగా పోటీ. వందలకొలది జనులు ఒకే గడియకు తలకొక రుసుము కట్టి చేరుదురు. అందరికిని సమానముగా బిళ్ళలు ఇత్తురు. ఆ బిళ్ళలు ధనము కావు. అవి అయిపోయినవాడు వెళ్ళిపోవలెను. చేతికి ఏ ముక్క వచ్చినను రాకున్నను, వంతుచొప్పున ఇద్దరు బలవంతపు పందెము కాయవలెను. పదేసి నిమిషములకు ఆ పందెము పెరుగుచుండును. కావున కదలక కూర్చున్నవాడు కూడ కరిగిపోవును. చిట్టచివరకు ఒక్కడే మిగులును. కట్టిన రుసుములన్నియు కూడి బహుమానములగును. వందమంది చేరినయెడల చివర మిగిలిన పదముగ్గురికో పదునలుగురికో మాత్రమే ఏమైనను దొరకును. తక్కినవారు వట్టిచేతులతో పోవుదురు.

ఇదంతయు విని, “ఇది వట్టి జూదమే గదా!” అని నీవనవచ్చును. నేను అట్లనుకొనలేదు. నేను లెక్కలవాడను. ఏబదిరెండు ముక్కలలోనుండి రెండేసి ముక్కలు 1,326 విధములుగా రాగలవనియు, రెండు ఆసులు జతగా వచ్చుట 221 పంపకములకు ఒకసారియే అనియు నేర్చుకొంటిని. రాత్రులు కాగితముమీద గుణకారములు చేసితిని. మూడుముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టముపై నిలిచిన ఆట కాదనియు, దానిలో నేర్పే ముఖ్యమనియు 1967లో సుప్రీముకోర్టు చెప్పెను. ఆ వ్యాజ్యము మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినదే. ఆ తీర్పు రమ్మీని గూర్చినది గాని పోకర్‌ను గూర్చినది కాదని ఎరిగియు, దానినే నాకు కవచముగా తొడుగుకొంటిని. సత్యము చెప్పవలెనన్న, పోకర్‌లో నేర్పు లేకపోలేదు. ఓర్పు, లెక్క, మనుష్యుల స్వభావము తెలిసినవాడు తెలియనివానిని కాలక్రమమున ఓడించును. అయితే ఆ తెలిసినవాడను నేనేనని తలంచుటయే నా మూఢత్వము.

నన్ను మరింత లోనికి లాగిన కథ ఒకటి కలదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున క్రిస్ మనీమేకర్ అను గుమాస్తా యుండెను. మనీమేకర్ అనగా ధనము చేయువాడని అర్థము. అది అతని నిజమైన పేరే. అతడును నావలెనే లెక్కలు వ్రాయువాడు. 2003లో అతడు కంప్యూటరు ముందు కూర్చుండి 86 డాలర్ల చిన్న పోటీ ఆడి, దానివలన లాస్‌వేగాసులో జరుగు పదివేల డాలర్ల రుసుముగల ప్రపంచ పోటీకి చోటు సంపాదించెను. అక్కడ 839 మందిలో చివరివరకు నిలిచి, ఇరువదియైదు లక్షల డాలర్లు గెలిచెను. మరుసటి సంవత్సరము అదే పోటీకి 2,576 మంది వచ్చిరి. 2006లో 8,773 మంది వచ్చిరి. ప్రతివాని మనస్సులోను “గుమాస్తా గెలిచెను గదా, నేనెందుకు గెలువరాదు?” అను మాటయే. ఆ ఒక్కని కథను నేను పదిమారులు చదివితిని. తక్కిన 838 మందిలో ఒక్కని పేరునైనను తెలిసికొనవలెనని నాకు తోచలేదు.

చదువరీ, ఇప్పుడు ఆ రాత్రికి వత్తును. అది 2018 డిసెంబరు 16, ఆదివారము.

వారము దినములకు ముందు మా నాన్న ఫోను చేసి, “ఒరే అబ్బాయీ, కోతలు మొదలెట్టాం. పాత బరకాలు చిల్లులు పడిపోయాయి. రెండు కొత్తవి కొనాలి, నాలుగు వేలవుతాయంట. నీకు వీలవుతుందా?” అని అడిగెను. నేను, “జీతం రాగానే పంపుతాను నాన్నా” అంటిని. నా చెంత అప్పుడు నాలుగు వేలకంటె ఎక్కువయే యుండెను. అది ఆట ఖాతాలో ఉండెను.

ఆ ఆదివారము పోటీ పెద్దది. రుసుము 1,100 రూపాయలు. దానిలో వేయి రూపాయలు బహుమానపు రాశికి, నూరు రూపాయలు ఆట నడుపువారికి. రాత్రి ఏడు గంటలకు కూర్చుంటిని. క్రిస్మసు పాటల అభ్యాసమునకు రమ్మని సంఘపు యువకులు పిలిచియుండిరి, తలనొప్పియని చెప్పితిని. ఎనిమిదిన్నరకే నా బిళ్ళలన్నియు పోయెను. పోయిన వెంటనే తెరమీద ఒక మీట వెలుగును: మరల 1,100 కట్టి చేరుదువా? దాని ప్రక్క సెకండ్లు లెక్క తగ్గుచుండును. ఆలోచించుటకు వారిచ్చు కాలము అంతే. నేను నొక్కితిని. మరల చేరినవారితో కలిపి ఆ రాత్రి 900 ప్రవేశములాయెను. అనగా బహుమానపు రాశి తొమ్మిది లక్షలు. ఆట నడుపువారికి తొంబదివేలు, ఒక్క ముక్కయైనను పంచకమునుపే.

రెండవమారు ముక్కలు నాయందు దయచూపెను. పది గంటలకు మూడువందలమంది మిగిలిరి. పదిన్నరకు నూట ఇరువదియారుగురు. బహుమానము నూట ఇరువదిమందికి మాత్రమే. ఈ ఘట్టమున ఆటయంతయు బిగుసుకొనిపోవును. ఇంక ఆరుగురు పోయినయెడల మిగిలిన అందరికి ఏదో కొంత దొరకును. ఆ ఆరుగురిలో నేనుండరాదని ప్రతివాడును ఊపిరి బిగబట్టును. నా అరచేతులు చెమర్చెను. అప్పుడు ఫోను మ్రోగెను.

నేను ఆడుచున్నది ఫోనులోనే గదా! పిలుపు రాగానే బల్ల మరుగైపోయి, తెరనిండ “నాన్న” అను అక్షరములు నిలిచెను. నా వంతునకు పదునైదు సెకండ్లు మాత్రమే గలవు. ఎర్రని మీట నొక్కితిని. రెండు నిమిషములకు మరల మ్రోగెను. మరల నొక్కితిని. మూడవమారు మ్రోగినప్పుడు నాకు కోపము వచ్చెను. చదువరీ, ఆ మాటను ఇక్కడ వ్రాయుటకు నా చేయి వణకుచున్నది: మా నాన్నమీద నాకు కోపము వచ్చెను. పిలుపులు రాకుండ చేసి, ఆటకు తిరిగితిని.

నా బల్లయొద్ద నా ఎడమప్రక్క ఒకడు కూర్చుండెను. కూర్చుండెను అనుట మాటవరసకే. ఒక గుండ్రని బొమ్మయు, క్రింద ఒక మారుపేరును. అతడు పెట్టుకొనిన పేరు “రైతుబిడ్డ”. నాలుగు గంటలుగా ఓర్పుతో ఆడుచు, కొద్ది బిళ్ళలతో నెట్టుకొని వచ్చుచుండెను. నూట ఇరువదియొక్కరు మిగిలిరి. ఇంకొక్కడు పోవలెను. ఆ సమయమున నాకు రెండు ఆసులు జతగా వచ్చెను. రైతుబిడ్డ తనకున్నదంతయు ఒడ్డెను. నేను ఒడ్డితిని. ముక్కలు తెరచుకొనెను. అతనికి రెండు రాజులు. ఆసులు రాజులను నూటికి ఇంచుమించు ఎనుబదియొక్క మారులు గెలుచును. ఆ రాత్రియు గెలిచెను. అతడు వట్టిచేతులతో పోయెను. బహుమానము దొరకనివారిలో కడపటివాడు అతడే. బల్లయొద్ద మిగిలినవారందరు సంతోషపు బొమ్మలు పంపిరి. ఆడువారు మాటలాడుకొను చిన్న గడిలో రైతుబిడ్డ ఇంగ్లీషు అక్షరములతో ఒకే మాట వ్రాసెను: “పోన్లెండి.”

ఆ మాట మన మాట. అంతవరకు ఆ గుండ్రని బొమ్మల వెనుక మనుష్యులున్నారని నేను తలంచియుండలేదు. ఒక్క నిమిషము నా మనస్సు చివుక్కుమనెను. అంతలో మరల ముక్కలు పంచిరి.

రాత్రి ఒంటిగంటకు నేను ముప్పదియొకటవ స్థానమున ఓడితిని. నాకు 4,100 రూపాయలు వచ్చెను. రెండుమారులు కట్టిన రుసుము పోగా లాభము 1,900. మొదటి స్థానమువానికి లక్షన్నరకు పైగా దక్కెను. “ఇంక ముప్పదిమంది! కొంచెములో తప్పెను” అని తలంచుచు, నవ్వుచు నిద్రపోతిని.

ఆ రాత్రి మా ఊరిలో ఏమి జరిగినదో ఇప్పుడు వినుము. సముద్రముమీద పెథాయ్ అను తుఫాను వచ్చుచుండెను. మా ఊరిలో కరెంటు పోయెను, టీవీలు ఆగిపోయెను. ఒకరు అది కాకినాడ దాటి పైకి పోవుననిరి. ఒకరు బందరు వైపు పోవుననిరి. మా నాన్నకున్నది మీటల చిన్న ఫోను. చేలో కోసిన పనలు పరచియుండెను. ఆ రాత్రికి రాత్రియే కూలీలను పిలిచి కుప్ప వేయించవలెనా, ఒకటి రెండు దినములు ఆరనియ్యవచ్చునా అనునదే ఆయన సంశయము. పచ్చి పనలు కుప్ప వేసినను చెడును. వానలో ఉంచినను చెడును. “అబ్బాయి ఫోనులో తుఫాను ఎక్కడ దాటేదీ బొమ్మలాగ కనిపిస్తుంది గదా, వాణ్ణి అడుగుదాం” అని ఆయన నాకు చేసెను. మూడుమారులు చేసెను.

మరునాడు సోమవారము, డిసెంబరు 17న, తుఫాను కాట్రేనికోన దగ్గరనే తీరము దాటెను. మా పొలము దాని త్రోవలోనే యుండెను.

నేను సోమవారమంతయు ప్రయత్నించినను ఫోను కలియలేదు. మంగళవారము సాయంకాలము కలిసెను. మా నాన్న మొదట అడిగిన మాట, “బాగున్నావా?” అని. అరయెకరము పనలను అమ్మయు తానును లాంతరు పెట్టుకొని కుప్ప వేసిరనియు, ఎకరము నీళ్ళలో మునిగినదనియు చెప్పెను. అప్పుడు నేను, “ఆదివారం రాత్రి నిద్రపోయాను నాన్నా. పెందరాళే పడుకున్నాను. ఫోను వినపడలేదు” అంటిని.

ఆయన, “అదే అనుకున్నాంరా. మీ అమ్మ అంది, పిల్లాడు అలిసిపోయి పడుకుని ఉంటాడు, ఇంక చెయ్యకండి, లేపకండి అని” అనెను.

ఓడినవాడు కోర్టులో ఏడ్చినయెడల గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మన పెద్దలందురు. ఆ సామెతకు అర్థము నాకు ఆ సాయంకాలము తెలిసెను. అయినను నేను నిజము చెప్పలేదు. ఆ రాత్రియే నాలుగు వేలు పంపి, బరకములు కొనుమంటిని. “వాన వెళ్ళిపోయాక బరకాలెందుకురా?” అని నాన్న నవ్వెను. అయినను కొనెను.

క్రిస్మసుకు ఇంటికి వెళ్ళితిని. రోడ్డు ప్రక్కను ఆ క్రొత్త బరకములమీద తడిసిన ధాన్యము ఆరబోసియుండెను. మొలకలు వచ్చిన గింజలు, పులిసిన వాసన. ఆ గింజలను నాన్న కాలితో తిరగవేయుచుండగా, నా మనస్సులోని నేరమును కప్పుకొనుటకు, “సేద్యం కూడా జూదమే గదా నాన్నా? వానతో పందెం కాసినట్టే గదా?” అంటిని.

ఆయన కొంతసేపు ఊరకుండి, “అలా అనకురా. నష్టమన్నది నిజమే. కాని నాకు పండితే పక్క చేనువాడికి పోయేదేముంది? నాకు నాలుగు బస్తాలు ఎక్కువొస్తే కోసినవాళ్ళకీ ఎక్కువే వస్తుంది. జూదంలో అలాగుండదు. అక్కడ గింజ మొలవదు. ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి పోవడమే” అనెను.

ఆ మాట విని నేను మారితినని వ్రాసినయెడల నీవు సంతోషింతువు. కాని అది అబద్ధమగును. నేను మారలేదు. బెంగుళూరునకు తిరిగి వెళ్ళి, ఆ మునిగిన ఎకరమును ఆటలో సంపాదించి నాన్నకు ఇచ్చెదనని తలంచి, మునుపటికంటె ఎక్కువ ఆడితిని. ముప్పదియొకటవ స్థానము వచ్చినవానికి మొదటి స్థానము దూరము కాదని నా తలంపు. అందుకే ఆ గెలుపు నాకు కీడు చేసెనంటిని. ఆ రాత్రి నేను ఓడియుండినయెడల బహుశః మానియుందునేమో.

2019 ఏప్రిలులో, ఉగాది గడచిన తరువాత, ఒక రాత్రి నిద్రపట్టక లేచి, కంపెనీ లెక్కలు వ్రాయు విధముగనే నా ఆట లెక్కలు వ్రాసితిని. పదకొండు నెలలలో 99 మారులు రుసుము కట్టితిని: మొత్తము 1,08,900 రూపాయలు. బహుమానము దొరికినది 13 మారులు, వచ్చినది 62,300. నష్టము 46,600. దానిలో ఆట నడుపువారు తీసికొనినది, మారునకు నూరు చొప్పున, 9,900. నేను అందరితో సమానుడనైయుండినయెడల ఆ 9,900 మాత్రమే పోవలసియుండెను. తక్కిన 36,700 నాకంటె నేర్పరుల జేబులోనికి పోయెను. నేర్పుగల ఆటయని నేను పట్టిన కవచమే నన్ను పొడిచెను. నేర్పుగల ఆటలో నేర్పు తక్కువవాడే ఆహారము.

ఒక్క సంగతి మరి గమనించితిని. నేను గెలిచిన 62,300లో ఒక్క రూపాయియు పంటగా వచ్చినది కాదు. అందరు కట్టి తెచ్చినదానిలో ఆట నడుపువారు తమ భాగము ముందుగా తీసికొనగా, మిగిలినదే మా మధ్య చేతులు మారెను. కావున ఆడినవారందరిని ఒకచోట నిలువబెట్టి లెక్క చూచినయెడల, వారు కూడి తెచ్చినదానికంటె తక్కువయే కూడి తీసికొనిపోవుదురు. కల్లములో గింజ మొలవదని చదువురాని మా నాన్న చెప్పినదియు, లెక్కల పుస్తకము చెప్పినదియు ఒక్కటే.

ఆ నెలలో ఈస్టరునకు ఇంటికి వెళ్ళి, ఆదివారము సాయంకాలము పెరటి అరుగుమీద నాన్నయొద్ద కూర్చుండి సమస్తమును చెప్పితిని. ఆదివారపు రాత్రి నిద్రపోలేదనియు, మూడుమారులు పిలుపును నేనే త్రోసివేసితిననియు చెప్పితిని. రెండు ఆసులను గూర్చియు, రైతుబిడ్డను గూర్చియు, “పోన్లెండి” అను మాటను గూర్చియు చెప్పితిని. ఆయన తలవంచుకొని విను చుండెను. కొట్టునేమో, తిట్టునేమో అని యుంటిని. చాలసేపటికి తల ఎత్తి, “ఆ రైతుబిడ్డ అనే కుర్రాడు ఎవరో తెలిసిందా?” అని అడిగెను.

“తెలియదు నాన్నా. అక్కడ ఎవరి పేరూ నిజం కాదు.”

“ఊరైనా తెలియదా?”

“తెలియదు.”

“మరి వాడి డబ్బు ఎలా తిరిగిస్తావురా?”

చదువరీ, నేను పోగొట్టుకొనిన నలుబదియారు వేలను గూర్చి ఆయన ఒక్క ప్రశ్నయు వేయలేదు. నేను గెలుచుకొనిన దానిని గూర్చియే అడిగెను. ఆ ప్రశ్నకు ఈనాటికిని నాయొద్ద జవాబు లేదు.

మరునాటి ఉదయమున నాన్న ఆ రెండు బరకములను మడిచి భుజముమీద వేసికొని, బడి వరండాకు తీసికొనిపోయెను. “ఇవి మనవి కావు. ఎవరో పిల్లాడివి. వాడికి ఇవ్వలేం గనక, ఎవరి పనలు తడిసేలాగుంటే వాళ్ళు పట్టుకెళ్ళండి” అని అక్కడున్నవారికి చెప్పి వచ్చెను. కారణము మాత్రము ఎవరికిని చెప్పలేదు.

నాటినుండి నేను ఆ ఆట ఆడలేదు. మానుట సులభమాయెనని చెప్పను. నెలల తరబడి ఆదివారపు రాత్రి ఏడు గంటలగునప్పటికి వ్రేళ్ళు ఫోనును వెదకెడివి. నేను చేసినవి రెండే పనులు: ఆట ఖాతాను తీసివేయించితిని, ప్రతి ఆదివారము రాత్రి ఏడు గంటలకు నాన్నకు ఫోను చేసితిని. మాటలాడుటకు ఏమియు లేని దినమున కూడ చేసితిని. “ఏంట్రా సంగతి?” అని ఆయన అడుగును. “ఏమీ లేదు నాన్నా” అందును. అది చాలును.

చట్టములు కూడ వచ్చినవి. డబ్బు పెట్టి ఫోనులో ఆడు పేకాటను 2017లో తెలంగాణయు, 2020లో ఆంధ్రప్రదేశును నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసి, డబ్బు పెట్టి ఆడించు ఫోను ఆటలను నిషేధించెను. ఆ చట్టము శిక్ష విధించునది ఆడించువారికి గాని ఆడి మోసపోయినవారికి కాదు. అది న్యాయమే. అయితే చట్టము తలుపు మూయగలదు గాని లోపలి ఆశను మూయలేదు. ఒక తలుపు మూసినయెడల మరియొక తలుపు ఎచటనో తెరచుకొనును.

కావున, చదువరీ, నీ యింట యువకుడుండి, రాత్రివేళ ఫోను వెలుగు వాని ముఖముమీద చాలసేపు నిలుచుచున్నయెడల, వానిని తిట్టకుము. ప్రక్కను కూర్చుండి, “ఎంత పోయింది?” అని కాక, “ఏం చేస్తున్నావు?” అని అడుగుము. తిట్టుదురను భయముననే నేను నాలుగు నెలలు అబద్ధమును మోసితిని. మా నాన్న నన్ను అప్పుడే అడిగియుండినయెడల చెప్పియుందునో లేదో ఎరుగను. కాని అడిగిన దినమున, అనగా నేనే చెప్పి ఆయన ప్రశ్నించిన దినమున, నా భుజములమీద బరువు దిగెను.

ఆ యువకుడవు నీవే అయినయెడల ఒక్క మాట. నీవు ఎంత పోగొట్టుకొంటివో నీకు తెలియును. ఎవరినుండి గెలుచుకొంటివో కూడ ఒక్కమారు తలంచి చూడుము. ఆ గుండ్రని బొమ్మ వెనుక ఒక ఇల్లు కలదు. ఆ యింట ఒక తండ్రి ఫోను పట్టుకొని కూర్చుండియుండవచ్చును.

గత సంవత్సరము కోతలకు ఇంటికి వెళ్ళినప్పుడు బడి వరండాలో చూచితిని. ఆ బరకములు రెండును రంగు వెలిసి, అంచులు చిరిగి, కుట్లు పడియున్నవి. ఆ దినమున మబ్బు పట్టెను. మా వీధి చివరి విధవరాలు ఒకామె వచ్చి, ఒకదానిని చంకనిడుకొని, తన చేనివైపు పరుగున పోయెను. అది ఎవరిదని ఆమె అడుగలేదు. నేనును చెప్పలేదు.